కాయము: గోదావరీ సీమలో బాలెంత పరిచర్యా ద్రవ్యముల చరిత్ర

తెలుగున 'కాయము' అను మాట రెండర్థములలో వినబడును. సంస్కృత సమముగా గ్రహించినపుడు అది దేహమునకు పేరు. తెలుగువారి వంటయిండ్లలో అది బాలెంతకు పెట్టెడు మందునకు పేరు. శొంఠి, పిప్పళ్ళు, మిరియములు మున్నగువానిని దంచి బెల్లముతో ముద్దచేసి, ప్రసవించిన స్త్రీకి ఉదయముననే తినిపించెడు ఆ కారపు ఉండను ఎరుగని ముదుసలి గోదావరీ తీరమున అరుదు.

ఈ మందును గూర్చి మాటలాడువారు సాధారణముగ రెండు తెగలుగ కనబడుదురు. ఒకరు దానిని పూర్వుల సర్వజ్ఞతకు నిదర్శనముగ కొనియాడుదురు. మరియొకరు దానిని మూఢాచారముల పట్టికలో చేర్చి త్రోసివేయుదురు. ఇరువురును గిన్నెలోని ద్రవ్యమునే చూచుచున్నారు గాని, ఆ గిన్నె చుట్టునున్న ఏర్పాటును చూచుటలేదు. కాయము ఒంటరి మందు కాదు. అది వేడినీళ్ళు, నూనె, నడికట్టు, పథ్యము, అన్నిటికంటె ముఖ్యముగ కొన్ని వారముల విశ్రాంతి, వీనితో కూడిన పరిచర్యలో ఒక భాగము. ఆ మందును ఆ విశ్రాంతినుండి వేరుచేసిన విధమే దాని ఆధునిక చరిత్ర యని చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందులకు నరసాపురమును, దాని పరిసర గ్రామములను కేంద్రముగ గ్రహించితిని. ఆ కారణము ముందు తెలియగలదు.

1. సంహితలలో సూతిక

చరకసంహిత శారీరస్థానమునందలి ఎనిమిదవ అధ్యాయము ప్రసవానంతర పరిచర్యను చెప్పుచున్నది. సూతికకు ఆకలి యైనపుడు ఆమె శక్తికి తగినంత నేయియో, నూనెయో, మరియొక స్నేహద్రవ్యమో పిప్పలి, పిప్పలీమూలము, చవ్యము, చిత్రకము, శొంఠి అనువాని చూర్ణముతో ఈయవలెను. పిదప కడుపునకు నేయి, నూనె రాచి పెద్ద వస్త్రముతో చుట్టవలెను. గర్భము తొలగి ఖాళీయైన చోట వాయువు చేరి వికారము పుట్టింపకుండుటకే ఈ కట్టు. త్రాగిన స్నేహము జీర్ణమైన పిమ్మట అవే ద్రవ్యములతో వండిన పలుచని గంజిని పోయవలెను. ఇట్లు ఐదు లేక ఏడు రాత్రులు గడపి, ఆ మీదట క్రమక్రమముగ పుష్టినిచ్చు ఆహారమునకు తేవలెను.

ఈ జాగ్రత్తకు చరకుడు చూపిన హేతువు గమనింపదగినది. గర్భము పెరుగుటచే ధాతువులు సడలి, నొప్పులచే అలసి, రక్తము పోయి యుండుటవలన సూతిక శూన్యశరీర యగును. అట్టి స్థితిలో వచ్చిన వ్యాధి కష్టసాధ్యము. అనగా బాలెంతను వ్యాధిగ్రస్తగ కాక, బలము వ్యయమైన దేహముగ ఆయన భావించెను.

సుశ్రుతసంహిత శారీరస్థానమున పదియవ అధ్యాయమున బలాతైలముతో మర్దనము, వాతహర కషాయముల వాడుక విధింపబడినవి. దుష్టరక్తము పూర్తిగ పోవువరకు, రెండు మూడు దినములు, పిప్పల్యాది చూర్ణమును వేడి బెల్లపునీటితో ఈయవలెనని చెప్పబడినది. పిదప మూడు రాత్రులు ఔషధసిద్ధమైన గంజి, ఆ పిమ్మట యవలు, రేగుపండ్లు, ఉలవలు చేర్చిన మాంసరసముతో వరియన్నము. ఇట్లు నెలన్నర గడచిన తర్వాతనే ఆమెకు ఆహారవిహారముల కట్టుబాటు తొలగి, 'సూతిక' యను పేరు పోవును. మరల ఋతుదర్శన మగువరకు ఆ పేరు నిలుచునని మతాంతరమును సుశ్రుతమే పేర్కొనెను.

ఈ రెండు విధానములయందును మందు ఎన్నడును కాలనియమము లేక చెప్పబడలేదు. ఎన్ని రాత్రులు, ఏ క్రమమున, ఎప్పటివరకు అనునది ద్రవ్యముతోపాటు విధియైనది.

2. ఆనూపదేశము

కాశ్యపసంహితను నేపాళ రాజగురువు హేమరాజశర్మ పరిష్కరించి 1938లో వెలువరించుటతో ప్రసూతితంత్ర, కౌమారభృత్యములకు ఒక కొత్త ఆకరము లభించినది. అందు ఖిలస్థానమునందలి సూతికోపక్రమణీయాధ్యాయము దేశభేదమునుబట్టి చికిత్సాభేదమును చెప్పుచున్నది. నీరు, తేమ అధికముగ గల ఆనూపదేశమున స్త్రీలకు వాతశ్లేష్మ వికారములు మెండు. కావున అచ్చట తొలుతనే స్నేహపానము తగదు. జఠరాగ్నిని పెంచు ద్రవ్యములతో కూడిన గంజితేట, స్వేదము, గాలి తగులని చోట శయనము, ఉష్ణోపచారము హితములు. సుశ్రుతముకూడ నేయిగాని నూనెగాని త్రాగించుటను ప్రత్యేకముగ మెట్టభూమిలో పుట్టిన స్త్రీకి చెప్పినది.

నరసాపురము వసిష్ఠ గోదావరి కుడిగట్టున, సముద్రమునకు సమీపమున నున్న పట్టణము. నదికి ఆవలి యొడ్డున సాగరసంగమము వద్ద అంతర్వేది కలదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు ఈ సీమ నంతయు వరిమాగాణిగ మార్చినవి. ఆనూపదేశ మను శాస్త్రపదమునకు ఇంతకంటె తగిన ఉదాహరణము ఆంధ్రదేశమున దొరకుట కష్టము. ఈ సీమ పరిచర్యలో శొంఠికి, వాముకు, వేడికి, పొడిగదికి లభించిన ప్రాధాన్యమును ఈ భూస్వభావముతో కలిపి చదువవలెను. గ్రామీణ స్త్రీలు కాశ్యపమును చదివి ఆచరించిరని దీని యర్థము కాదు. శాస్త్రకారుడును, గ్రామవృద్ధయు ఒకే విధమగు తేమనేలను చూచి ఒకే తీరున యోచించి యుందురని మాత్రము చెప్పవచ్చును.

3. ఇంటిలోని ద్రవ్యములు

కాయమునకు వాడు దినుసుల పాళ్ళు కుటుంబమునుబట్టి మారును. మూలద్రవ్యములు మాత్రము ఇంచుమించు ఒక్కటియే. శొంఠి, పిప్పళ్ళు, మోడి, మిరియములు, వాము, జీలకర్ర. వీనిని వేర్వేరుగ దోరగా వేయించి, దంచి, జల్లించి, బెల్లపు పాకమున నేయితోనో నువ్వులనూనెతోనో కలిపి ఉండలు చేయుదురు. కొందరు పొడిగనే యుంచి అన్నములో మొదటి ముద్దకు కలిపి పెట్టుదురు.

ఇందు 'మోడి' యనునది పిప్పలీమూలమే. చరకుడు చెప్పిన ఐదు ద్రవ్యములను పంచకోల మందురు. వానిలో పిప్పలి, పిప్పలీమూలము, శొంఠి అను మూడు మన కాయములో నిలిచినవి. చవ్యము, చిత్రకము జారిపోయి వాని స్థానమున మిరియము, వాము, జీలకర్ర చేరినవి. చిత్రమూలము మిక్కిలి తీక్ష్ణమైనది, వైద్యుని చూపు లేక ఇంటిలో వాడదగినది కాదు. అది తొలగి వంటింటి దినుసులు చేరుటలో ఒక వివేకము కనబడుచున్నది. వైద్యుని మందు గృహిణి చేతికి వచ్చునపుడు దానిలోని ప్రమాదము తగ్గి, రుచి పెరిగినది.

ఈ దినుసులలో పెక్కు డెల్టాలో పండునవి కావు. మిరియము, శొంఠి మలబారు తీరపు సరుకులు. మోడికి విశాఖపట్టణపు మన్యము ప్రసిద్ధి. బెల్లము, నువ్వులు, బియ్యము మాత్రము ఇరుగుపొరుగు నేలలవి. ఓడరేవుగను, కాలువ పడవల మజిలీగను నుండిన నరసాపురపు పచారీ కొట్లు ఈ దూరపు సరుకును గ్రామములకు చేర్చుచుండెడివి. బాలెంత మందు పూర్తిగ ఇంటిదే యను భావము సరికాదు. అది మొదటినుండియు సంతపై ఆధారపడినదే. 'శొంఠి లేని కషాయము లేదు' అను సామెత వైద్యమునకు ఎంత వర్తించునో వర్తకమునకును అంత వర్తించును.

నడికట్టు మరియొక ద్రవ్యము. మెత్తని పాత నూలుచీరను నిలువున చించి, పొత్తికడుపుచుట్టు బిగించి కట్టుట దాని పద్ధతి. చరకుని 'పెద్ద వస్త్రము' ఇదియే. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమున ఆంగ్లవర్తకులు 17వ శతాబ్దిలో కోఠీ నెలకొల్పిరి. అచ్చటి నూలుగుడ్డకు ఐరోపాలో ఆ యూరిపేరే 'మడపొల్లం' అని నిలిచినది. ఓడలెక్కి దేశాంతరములు పోయిన గుడ్డ చరిత్రకారుల కంటబడినది. పాతబడి పురిటింట చేరిన గుడ్డ ఎవరి లెక్కలోనికిని రాలేదు.

ఆహారము కులమునుబట్టి, వృత్తినిబట్టి మారినది. పాతబియ్యపు అన్నము, వెల్లుల్లి, బీరకాయ, పొట్లకాయ, మునగాకు సాధారణ పథ్యము. సముద్రతీరపు పల్లెలలో పాలు పడుటకు పాలసొర చేపను వండి పెట్టుదురు. సుశ్రుతుడు చెప్పిన మాంసరసమునకు తీరవాసుల రూప మిది. దరిద్రురాలికి అందుబాటులో నున్న మాంసకృత్తులలో ఇది మేలైనదని ఆహారశాస్త్రమునుబట్టియు ఒప్పుకొనవలెను.

4. పరిచర్యలోని లోపములు

ఇంతవరకు చెప్పినది చదివి పూర్వపు పురిటిల్లు సుఖనిలయ మని తలచుట పొరపాటు. పొగచూరిన చీకటిగది, రాత్రింబవళ్ళు కుంపటి, సాంబ్రాణి వెల్లుల్లిపొట్టుల ధూపము, దాహమైనను నీరీయని కట్టడి, ఇవియు ఆ పరిచర్యలోనివే. కట్టడి శాస్త్రముకంటె కఠినమైన చోటులు కలవు. సుశ్రుతుడు వేడి బెల్లపునీటిని త్రాగించుమనగా, ఆచారము గుక్కెడు నీటికి లెక్క పెట్టినది. చరకుడు ఐదు లేక ఏడు రాత్రుల పిదప పుష్టికరమైన ఆహారమునకు తెమ్మనగా, ఆచారము పెక్కుదినములు కారపు మెతుకులతో సరిపెట్టినది. పాలిచ్చు తల్లికి నీరు, ఆహారము హెచ్చుగ కావలెనని నేటి వైద్యులు చెప్పునది సంహితలకు విరుద్ధము కాదు, వానిని కుదించిన ఆచారమునకే విరుద్ధము.

ప్రసవకార్యము మంత్రసాని చేతిలో నుండెడిది. పెక్కు గ్రామములలో మంగలి కులస్త్రీలు ఈ పని నిర్వహించిరి. 'మంత్రసానితనమునకు ఒప్పుకొన్న పిమ్మట ఏది వచ్చినను పట్టవలెను' అను సామెత ఆమె పనిలోని కష్టమును, లోకమునకు దానిపై నున్న చులకనను ఒక్కసారిగ తెలుపుచున్నది. ఆమెకు అనుభవమున్నది, చేతులను క్రిమిరహితము చేయు విద్య లేదు. ఆ విద్య ఐరోపాలోను ఆలస్యముగనే తెలిసినది. 1847లో వియన్నా నగరపు ప్రసూతిశాలలో సెమ్మెల్‌వైస్ వైద్యులచే చేతులు కడిగించి సూతికాజ్వర మరణములను తగ్గించి చూపగా, ఆనాటి వైద్యులలో పలువురు ఆయనను నమ్మలేదు.

కాయమునకు సూతికాజ్వరమును మాన్పు శక్తి లేదు. ప్రసవానంతర రక్తస్రావమును ఆపు శక్తియు లేదు. బెల్లమునందలి యినుము పోయిన రక్తమును పూరింప చాలదు. అందులకే నేడు మన దేశమున ప్రసవానంతరము 180 దినములు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఈయవలెనని విధించిరి. 1935లో ఎర్గోమెట్రిన్ కనుగొనబడుటయు, ఆ దశకముననే సల్ఫా మందులు సూతికాజ్వరమునకు వాడబడుటయు తల్లుల ప్రాణములను నిలిపిన సంఘటనలు. ఈ విషయమున సందేహమునకు తావులేదు.

చెన్నరాజధానిలో ఈ మార్పు మెల్లగ వచ్చినది. 1844లో మదరాసు ఎగ్మూరు ప్రసూతి వైద్యశాల ఏర్పడినది. 1885లో డఫరిన్ నిధి, 1903లో మంత్రసానుల శిక్షణకై విక్టోరియా స్మారక నిధి వెలసినవి. తెలుగునాట గుంటూరులోను, పిదప రాజమహేంద్రవరములోను లూథరన్ మిషనులు స్త్రీల ఆసుపత్రులు నెలకొల్పెను. 1926 నాటి మదరాసు నర్సులు, మంత్రసానుల చట్టము పురుడుపోయు వృత్తిని నమోదునకు లోబరచినది. వైద్యశాల తల్లి ప్రాణమును కాపాడినది. ఇంటికి పోయిన పిమ్మట నెలన్నర సంగతి మాత్రము దాని గోడలలోపలికి రాలేదు.

5. సీసాలోని మందు

20వ శతాబ్ది తొలి భాగమున ఆ ఖాళీలోనికి అంగడి మందు ప్రవేశించినది. పండిత దీవి గోపాలాచార్యులు మదరాసున ఆయుర్వేదమునకు నూతన ప్రతిష్ఠ కలిగించిరి. ఆయనయొద్ద ఆయుర్వేదము నేర్చిన డాక్టరు ఆచంట లక్ష్మీపతి (1880–1962) పశ్చిమగోదావరిలోని మాధవరమున జన్మించి, పాశ్చాత్య వైద్యమునందును పట్టము పొందినవారు. డాక్టరు కె. ఎన్. కేసరి 1900లో మదరాసున కేసరి కుటీరమును స్థాపించిరి. ఆయన స్త్రీల వ్యాధులకై తయారుచేసిన 'లోధ్ర' ఆంధ్రదేశమంతట ఇంటింటి పేరైనది. తెలుగున లొద్దుగ యనబడు చెట్టు పట్టపేరే ఈ మందునకు పెట్టబడినది. కేసరిగారు 1928లో స్త్రీలకై 'గృహలక్ష్మి' మాసపత్రికను నెలకొల్పిరి. స్త్రీలు చదువు పత్రికయు, స్త్రీలు సేవించు మందును ఒకే కుటీరమునుండి వెలువడుట ఆంధ్ర సాంఘిక చరిత్రలో గుర్తింపదగిన ఘట్టము.

భైషజ్యరత్నావళిలో సూతికారోగములకు చెప్పబడిన జీరకాద్యరిష్టము, బాలెంతలకు వాడుకలోనున్న సౌభాగ్యశుంఠి, దశమూలారిష్టము ఇట్లే సీసాలలో, డబ్బాలలో అంగళ్ళకు వచ్చినవి. నేడు కాయపు పొడియు పొట్లములలో అమ్ముడగుచున్నది. నడికట్టునకు బదులు సాగెడి పట్టీలతో చేసిన బెల్టులు మందుల దుకాణములలో దొరకుచున్నవి. శస్త్రచికిత్సచే ప్రసవించిన స్త్రీకి ఇట్టి కట్టు కదలునపుడు కొంత ఊరటనిచ్చును, కడుపును పూర్వరూపమునకు తెచ్చునన్న ప్రకటన మాత్రము నిరూపితము కాదు.

ఈ మార్పును నిందింపవలసిన పనిలేదు. రోకలితో దంచెడు శ్రమ తగ్గినది, తల్లియో అత్తయో దగ్గరలేని స్త్రీకిని మందు అందినది. కాని ఒక భేదమును గుర్తింపవలెను. ఇంటిలో కాయము చేయువారు ఆమె పనినికూడ తమపై వేసికొనెడివారు. దంచిన చేయియే ఆమె బదులు నీళ్ళు తోడినది. సీసాలోని మందు ఆ చేతిని వెంట తీసికొని రాదు.

6. కాలము ఎవరిది?

సుశ్రుతుడు చెప్పిన నెలన్నర, నేటి వైద్యశాస్త్రము చెప్పు ఆరువారములు ఇంచుమించు సమానములు. ప్రపంచ ఆరోగ్యసంస్థ తల్లికి ప్రసవానంతర పరీక్షలు ఆరవ వారమువరకు జరుగవలెనని సూచించుచున్నది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము ప్రసవించిన పిదప ఆరువారములు స్త్రీని పనిలో పెట్టుకొనరాదని యజమానిని నిషేధించినది. 2017లో వేతనముతోకూడిన సెలవు ఇరువదియారు వారములకు పెంచబడినది. ఈ నిబంధనలు 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలో చేర్చబడినవి. సంహిత, వైద్యము, చట్టము, మూడును ఒకే కాలపరిమితిని గుర్తించుట విశేషము.

అయినను ఈ కాలము అందరిదియు కాలేదు. పూర్వమును కలిగినయింటి కోడలికే నలువది దినముల మంచము. వరినాట్లకు పోవు కూలిస్త్రీ పురుడు వెళ్ళిన కొలదికాలమునకే మడిలో దిగినది. కాయము తిన్నను తినకున్నను ఆమెకు తక్కువైనది శొంఠి కాదు, సెలవు. చట్టమును యజమాని, ఉద్యోగి అను సంబంధము గలచోటనే వర్తించును.

నరసాపురము మరల ఇచ్చటనే మనకు సాక్ష్య మిచ్చును. ఈ పట్టణము, దీని చుట్టుపట్ల గ్రామములు లేసు అల్లికకు ప్రసిద్ధములు. క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ విద్య కాలక్రమమున ఎగుమతి వ్యాపారమైనది. జర్మన్ సంఘశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథమున నరసాపురపు లేసు స్త్రీల జీవితమును పరిశోధించెను. ఆమె చూపిన ముఖ్యాంశ మిది: విదేశపు సంతకు అల్లుచున్న ఈ స్త్రీలను వ్యాపారము కార్మికులుగ కాక, తీరికవేళ అల్లుకొను గృహిణులుగ లెక్కించినది. గృహిణికి యజమాని లేడు. యజమాని లేనిచోట సెలవు లేదు. పురిటిమంచముపై కూర్చుండియు చేయదగిన పని కావుననే లేసు అల్లికను 'తేలికపని' యనుట సులభమైనది.

2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము గర్భిణులకు, బాలెంతలకు ఆరువేల రూపాయలకు తక్కువకాని సహాయమును హక్కుగ చెప్పినది. 2017లో అమలునకు వచ్చిన ప్రధానమంత్రి మాతృవందన యోజన మొదటి కాన్పునకు ఐదువేల రూపాయలు నిర్ణయించినది. ఈ పథకము తన ఉద్దేశమును విస్పష్టముగ చెప్పుకొన్నది: పోయిన కూలికి కొంత పరిహారమిచ్చి, తల్లికి విశ్రాంతి కల్పించుట. ఈ మాట నా దృష్టిలో ఆ మొత్తముకంటె విలువైనది. బాలెంతకు కావలసినది వస్తువు కాదు, కాలమని ప్రభుత్వపు పత్రము అంగీకరించుట అందు కనబడుచున్నది. కాని ఐదువేల రూపాయలు ఎన్నిదినముల కూలియగునో లెక్కించినచో, నెలన్నర ఇంకను దూరముననే యున్నదని తేలును.

ఉపసంహారము

పై పరిశీలనమువలన మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది, గోదావరీ సీమలోని కాయము సంహితలయందలి పంచకోల విధానమునకు దగ్గరి చుట్టము. ఆనూపదేశపు తేమకును, ఓడరేవు వర్తకమునకును తగినట్లు అది రూపొందినది. రెండవది, ఆకలి పుట్టించుట, ఒడలు వెచ్చబరచుట, అలసిన దేహమునకు ఊరటనిచ్చుట దాని పరిధి. ప్రాణాపాయకరములగు రక్తస్రావమునకును, జ్వరమునకును అది చికిత్స కాదు. అట్లు భావించినచోట్ల తల్లులు నష్టపోయిరి. మూడవది, ద్రవ్యమునకు తోడుగ విధింపబడిన కాలము ద్రవ్యమునుండి విడిపోయి, ద్రవ్యమే అంగడికి చేరినది.

ఇకముందు ఈ విషయమున పరిశోధింపబూనువారు దినుసుల పట్టికలతో తృప్తిపడరాదని మనవి. ఒక్కొక్క గ్రామమున, ఒక్కొక్క వృత్తిలో, బాలెంత ఎన్నవనాడు మరల నీళ్ళబిందె ఎత్తెనో, ఎన్నవనాడు మడిలో దిగెనో, ఎన్నవనాడు లేసుసూది పట్టెనో వృద్ధస్త్రీల నడిగి వ్రాసికొనవలెను. ఆ వృద్ధస్త్రీలు నానాటికి తగ్గిపోవుచున్నారు. కాయములో ఏమేమి వేసిరి అను ప్రశ్నకు సమాధానము పచారీ కొట్టులో నేడును దొరకును. కాయము తినుటకు ఆమెకు ఎన్ని దినములు దొరకెను అను ప్రశ్నకు సమాధానము వారియొద్దనే యున్నది.